మీ చాప్టర్‌కి మూడేళ్ల ప్లాన్: ఏం చేయాలి, ఏం వదిలేయాలి

ఈ వారం ఎపిసోడ్‌కి కారణం నాకు వచ్చిన ఒక మెసేజ్. పంపిన అమ్మాయి పేరు చెప్పను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్. ఐట్రిపుల్‌ఈలో ఒక టెక్నికల్ సొసైటీకి ఇక్కడ ఉన్న చాప్టర్‌లో తనని సెక్రటరీగా ఎన్నుకున్నారు. మెసేజ్ ఇలా ఉంది: "అన్నా, జనవరి 1 నుంచి నేనే సెక్రటరీ. చైర్ సార్ ఫోన్ చేసి, స్ట్రాటజిక్ ప్లాన్ ఒకటి రెడీ చెయ్యమ్మా అన్నారు. పోయినేడాది ఎక్సెల్ పంపించారు. నెలకి రెండు ఈవెంట్లు రాసి ఉన్నాయి. తేదీలు మార్చి పంపితే సరిపోతుందా?"

సార్‌కైతే సరిపోతుంది చెల్లీ. చాప్టర్‌కి సరిపోదు. ఎందుకు సరిపోదో, దాని బదులు ఏం చేయొచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం. మన ఎపిసోడ్లు చూసేవాళ్లలో డాక్టర్లు, సీఏలు, సివిల్ ఇంజనీర్లు కూడా ఉన్నారు. ఐఎంఏ బ్రాంచ్ అయినా, ఐసీఏఐ బ్రాంచ్ అయినా, కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా చాప్టర్ అయినా కథ కాస్త అటూ ఇటూగా ఇదే. నాకు దగ్గరగా తెలిసింది ఐట్రిపుల్‌ఈ కాబట్టి ఉదాహరణలు అక్కణ్ణుంచే ఇస్తా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో 1884లో ఎలక్ట్రికల్ ఇంజనీర్లు పెట్టుకున్న సంఘం ఒకటి, 1912లో రేడియో ఇంజనీర్లు పెట్టుకున్నది ఇంకొకటి. ఈ రెండూ 1963లో కలిసిపోతే ఐట్రిపుల్‌ఈ వచ్చింది. ప్రపంచం మొత్తాన్ని రీజియన్లుగా, వాటిని సెక్షన్లుగా విడగొట్టారు. మనం ఆసియా పసిఫిక్‌లో, అంటే రీజియన్ 10లో ఉన్నాం. ఒక సెక్షన్‌లో కంప్యూటర్ సొసైటీ, పవర్ అండ్ ఎనర్జీ సొసైటీ ఇలా ఒక్కో సబ్జెక్ట్‌కి ఉండే లోకల్ గుంపునే చాప్టర్ అంటారు. అందరూ వాలంటీర్లే. ఎవరికీ జీతం ఉండదు. ఆఫీసు కూడా ఉండదు, ఉండేది ఒక వాట్సాప్ గ్రూపు.

ఇప్పుడు ఒక రూల్ చెప్తా, చాలామంది ఆఫీస్ బేరర్లకే తెలియదు. కొత్త చాప్టర్ పెట్టడానికి పిటిషన్ మీద కావాల్సింది 12 మంది మెంబర్ల సంతకాలు. పెట్టాక దాన్ని బతికించుకోవడానికి ఏడాదికి కనీసం జరగాల్సింది రెండు టెక్నికల్ మీటింగులు. రెండే! నెలకి రెండు కాదు, ఏడాదికి రెండు.

మరి ఆ ఎక్సెల్‌లో 24 ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరూ అడగలేదు. ముందు టీమ్ 18 చేసింది, తర్వాతి టీమ్ 20 చేసింది, మనం తగ్గితే బాగోదు కదా అని 24. అవార్డుకి అప్లై చేసేటప్పుడు నంబర్ పెద్దగా కనిపించాలి. ఆ నంబర్ కోసం ఊరికి దూరంగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో, శుక్రవారం మధ్యాహ్నం, అటెండెన్స్ ఇస్తామంటే వచ్చి కూర్చున్న సెకండియర్ పిల్లల ముందు ఒక ఏఐ లెక్చర్. దీపం వెలిగించడం, శాలువా కప్పడం, మొమెంటో ఇవ్వడం, గ్రూప్ ఫోటో దిగడం. శాలువాల మీద నాకు కోపం లేదు, కానీ కొన్ని చాప్టర్ల అకౌంట్లు చూస్తే మెంబర్ మీద పెట్టిన ఖర్చు కన్నా శాలువాల ఖర్చే ఎక్కువ ఉంటుందేమో అని డౌట్ వస్తుంది.

ఆ రూల్ మనకి చెప్పేదేంటంటే, బతకడానికి చేయాల్సింది చాలా తక్కువ. మిగతాదంతా మన ఇష్టం. ఇష్టం అన్నప్పుడు ఎంచుకోవాలి, ఎంచుకోవాలంటే కొన్ని వదలాలి. మైకేల్ పోర్టర్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 1996లో స్ట్రాటజీ అంటే ఏంటి అని ఒక వ్యాసం రాశారు, ఎంబీఏ వాళ్లందరూ చదువుతారు. ఏది చేయకూడదో తేల్చుకోవడం ఎంత ముఖ్యమో అందులో గట్టిగా వాదిస్తారు. కంపెనీల కోసం రాసిందే, కానీ జీతం లేని ఆరుగురు వాలంటీర్లతో నడిచే చాప్టర్‌కి ఇంకా బాగా పనికొస్తుంది. ఆ ఆరుగురి శనివారాలే మన పెట్టుబడి మొత్తం.

సరే, ఎంచుకోవడం ఎక్కడ మొదలవుతుంది? మెంబర్ల లిస్ట్ దగ్గర. ఆఫీస్ బేరర్‌కి ఆ లిస్ట్ చూసే యాక్సెస్ ఉంటుంది. (దాన్ని డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేయకండి, ప్లీజ్. అందులో జనాల ఫోన్ నంబర్లు, ఈమెయిల్స్ ఉంటాయి.) లెక్క ఎలా చేయాలో ఒక ఊహాజనిత చాప్టర్‌తో చెప్తా. అందులో 200 మంది ఉన్నారనుకుందాం. విడగొడితే 120 మంది స్టూడెంట్లు, 40 మంది ప్రొఫెసర్లు, 30 మంది ఉద్యోగస్తులు, 10 మంది రిటైరైన పెద్దలు. ఇవి నేను అనుకున్న అంకెలే, మీ లిస్ట్‌లో వేరేగా ఉంటాయి. కానీ మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకి స్టూడెంట్ల వాటా పెద్దగా ఉంటే ఆశ్చర్యం వేయదు.

తర్వాత పోయినేడాది లిస్ట్ పక్కన పెట్టి చూడండి. ఎవరు రెన్యూ చేయలేదు? ఫైనలియర్ అయిపోయినవాళ్లు. స్టూడెంట్ ఫీజు తక్కువ, ఉద్యోగం వచ్చాక ఫీజు పెరుగుతుంది. ఫీజు ఒక్కటే కారణం అయితే మనం చేసేదేం లేదు. కానీ నెలకి ఓటీటీలకీ, జిమ్‌కీ కట్టేవాళ్లు దీనికెందుకు కట్టరు? దాని వల్ల ఏమొస్తుందో వాళ్లకి కనపడదు కాబట్టి. ఐట్రిపుల్‌ఈ లెక్క ప్రకారం మొదటి డిగ్రీ వచ్చి 15 ఏళ్లు దాటనివాళ్లు యంగ్ ప్రొఫెషనల్స్. అంటే 22 నుంచి దాదాపు 37 ఏళ్ల వాళ్లు. ఉద్యోగాలు మారేదీ, కెరీర్ ఎటు పోవాలో తేల్చుకునేదీ ఆ వయసులోనే. సరిగ్గా ఆ వయసు వాళ్లే మన హాల్లో లేరు.

ఇక్కడ వేరే ప్రొఫెషన్లతో పోల్చి చూడాలి. డాక్టర్లకి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్స్‌లో, ఐదేళ్లలో 30 గంటలు కంటిన్యూయింగ్ మెడికల్ ఎడ్యుకేషన్ ఉండాలని రాశారు. సీఏలకి సీపీఈ గంటలు ఉంటాయి. పీఎంపీ సర్టిఫికేషన్ ఉన్నవాళ్లు అది నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 60 పీడీయూలు సంపాదించాలి, అందుకే మన హైదరాబాద్‌లో పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ లాంటివి పెట్టే సెషన్లకి వెళ్లడానికి ఒక కారణం ముందే ఉంటుంది. మరి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి? ఎవరూ ఏమీ అడగరు. శనివారం పొద్దున ఇంట్లో పడుకున్నా ఉద్యోగం పోదు. క్యూబర్నెటీస్ మీద లెక్చర్ కావాలంటే యూట్యూబ్‌లో బోలెడున్నాయి, వాటిలో కొన్ని ఆ టూల్ రాసినవాళ్లే చెప్పినవి. అంటే మన చాప్టర్ లెక్చర్‌తో పోటీ పడి గెలవలేదు. ఒప్పేసుకుందాం.

యూట్యూబ్ ఇవ్వలేనిదేంటి? నన్నడిగితే, నీ పని తెలిసిన మనుషులు. ఒక ఉదాహరణ వివరంగా చెప్తా, ఎందుకంటే మొత్తం ప్లాన్ దీని చుట్టూనే అల్లొచ్చు.

ఐట్రిపుల్‌ఈలో సీనియర్ మెంబర్ అని ఒక గ్రేడ్ ఉంది. దానికి పదేళ్ల ప్రొఫెషనల్ అనుభవం, అందులో ఐదేళ్లు చెప్పుకోదగ్గ పని కావాలి. పదేళ్లా అని భయపడకండి, ఆ రంగంలో బీటెక్ ఉంటే దానికి మూడేళ్లు కలుపుతారు. అంటే బీటెక్ తర్వాత ఏడేళ్లు మంచి పని చేసినవాళ్లు అప్లై చేసుకోవచ్చు. అప్లికేషన్‌కి వేరే ఫీజు లేదు. రెజ్యూమెలో, వీసా ఫైల్లో, ఎక్కడైనా రాసుకోవచ్చు. మరి మన వాళ్లు ఎందుకు అప్లై చేయరు? ఇంకో షరతు ఉంది. ఇప్పటికే సీనియర్ మెంబర్లో ఫెలోలో అయినవాళ్లు ముగ్గురు రిఫరెన్స్ ఇవ్వాలి.

ఇప్పుడు ఆలోచించండి. గచ్చిబౌలిలో ఒక బ్యాకెండ్ డెవలపర్. వాళ్ల మేనేజర్ ఐట్రిపుల్‌ఈ మెంబరే కాదు. టీమ్‌లో ఎవరూ కాదు. చదివింది జిల్లాలో ఒక మామూలు కాలేజీ, అక్కడి సార్లతో టచ్‌లో లేరు. ఐఐటీలో చదివినవాళ్లకో, అమెరికాలో పీహెచ్‌డీ చేసినవాళ్లకో ముగ్గురు దొరకడం పెద్ద పని కాదు. మనోడికి మాత్రం పని ఉంది, అనుభవం ఉంది, ఆ పని చూసిన ముగ్గురు లేరు. ఆ ముగ్గురు ఇదే ఊళ్లో ఉన్నారు, యూనివర్సిటీల్లో, డిఫెన్స్ ల్యాబుల్లో, పెద్ద కంపెనీల్లో. వీళ్లని, వాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టగలిగేది చాప్టర్ ఒక్కటే.

అలాగని "సార్, ఒక సంతకం పెట్టండి" అని తిరగడం కాదు. ఆ రిఫరెన్స్‌కి విలువ ఉండాలంటే ఇచ్చేవాళ్లకి మన పని తెలిసి ఉండాలి. కాబట్టి మీటింగ్ రూపమే మారాలి. రెండు గంటల లెక్చర్ తీసేసి, నెలకి ఒక శనివారం పొద్దున పదింటికి, పది పన్నెండు మందితో డిజైన్ రివ్యూ పెట్టండి. ఇద్దరు మెంబర్లు తాము కట్టిన సిస్టమ్ గురించి చెప్తారు, కంపెనీ రహస్యాలు బయటపెట్టకుండా. ఇద్దరు సీనియర్లు ప్రశ్నలు అడుగుతారు. ఆర్నెల్లకి ఆ సీనియర్లకి ఈ పిల్లల పేర్లు, పనులు తెలుస్తాయి. అప్పుడు రిఫరెన్స్ అడగడానికి మొహమాటం ఉండదు, ఇవ్వడానికీ ఉండదు. ఉద్యోగం మారేటప్పుడు రిఫరల్ కూడా అక్కడి నుంచే వస్తుంది, అది నేను విడిగా చెప్పక్కర్లేదు.

చోటు కూడా ముఖ్యం. ఉద్యోగస్తులు రావాలంటే ఔటర్ రింగ్ రోడ్డు అవతల కాలేజీలో పెట్టకూడదు. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో ఏ కంపెనీ మీటింగ్ రూమో అడిగితే ఇస్తారు, ఉద్యోగుల్లో ఒకళ్లు మెంబర్ అయితే ఇంకా తేలిక. వీక్‌డే సాయంత్రం వద్దు, అమెరికా కాల్స్ టైమ్ అది.

చూశారా, "30 మంది ఉద్యోగస్తుల్ని నిలబెట్టుకోవాలి" అని ఒక్కటి అనుకోగానే టైమ్, ప్లేస్, ఫార్మాట్ అన్నీ వాటంతటవే తేలిపోయాయి. ప్లాన్ అంటే నాకు ఇదే. అందరికీ అన్నీ చేద్దాం అనుకుంటే ఏదీ తేలదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మన పెద్దవాళ్లు అననే అన్నారు.

మీ చాప్టర్‌కి ఈ సమాధానమే రావాలని లేదు. వైజాగ్‌లో అయితే స్టీల్ ప్లాంట్, పోర్ట్, షిప్‌యార్డ్ ఇంజనీర్లు ఉంటారు, వాళ్ల అవసరం వేరు. కాలేజీలే ఎక్కువ ఉన్న ఊళ్లో స్టూడెంట్లనే ఎంచుకోవడం కరెక్ట్ కావచ్చు. తెలుసుకోవాలంటే ఫోన్లు చేయాలి. గూగుల్ ఫామ్ కాదు, ఫోన్. పదిహేను మంది చాలు, అందులో సగం మంది రెన్యూ చేయనివాళ్లు ఉండాలి. "ఏ ఈవెంట్ పెట్టమంటారు" అని అడగకండి, అందరూ ఏఐ అనేస్తారు. "పోయినేడాది ఉద్యోగంలో ఇరుక్కున్నప్పుడు ఎవర్ని అడిగారు" అని అడగండి. "ఎవరూ లేరు" అనే సమాధానం ఎన్నిసార్లు వస్తుందో రాసుకోండి.

ఇప్పుడు కష్టమైన భాగం. వదిలేయడం.

రివ్యూలు పెట్టాలంటే ఆ 24లో సగానికి పైగా పోవాలి. కానీ అందులో ఒక్కోదాని వెనక ఒక్కో పెద్ద మనిషి ఉంటారు. సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డే ప్రోగ్రామ్ ఒక సార్‌ది, ఇరవయ్యేళ్లుగా ఆయనే చేస్తున్నారు. స్టూడెంట్ క్విజ్ ఇంకో మేడమ్‌ది. కమిటీ మీటింగ్‌లో ఇరవై ఏడేళ్ల అమ్మాయి లేచి "ఇవి తీసేద్దాం సార్" అంటే ఏమవుతుందో మీకు తెలుసు. "మేం చేసినప్పుడు ఇలా ఉండేది కాదమ్మా" అని మొదలై, ఆవిడ మెసేజ్‌లకి రిప్లైలు ఆగిపోతాయి. నేను చూసిన ఒక కమిటీలో సరిగ్గా ఇదే జరిగింది, ఏడాది మొత్తం ఒక్క కొత్త పని కదల్లేదు.

దానికి నాకు తెలిసిన మార్గం ఇది. మీటింగ్‌లో ఎత్తకండి. ముందు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి కూర్చోండి, లిస్ట్ చూపించండి. "సార్, మన దగ్గర చదివి ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లలో ఇంతమంది మళ్లీ రాలేదు, మీరేమంటారు?" అని అడగండి. పెద్దవాళ్లలో చాలామందికి నిజంగానే బాధ ఉంటుంది, చాప్టర్ వాళ్లు కట్టిందే కదా. క్విజ్ ఆపక్కర్లేదు, స్టూడెంట్ బ్రాంచ్‌లకి అప్పగించొచ్చు, వాళ్లకి అనుభవం వస్తుంది, మన శనివారం మిగులుతుంది. ఇంజనీర్స్ డే సార్‌ని రివ్యూ ప్యానెల్‌లో మొదటి కుర్చీలో కూర్చోబెట్టండి. ఆయన అనుభవం అక్కడ పనికొచ్చినంత వేదిక మీద పనికిరాదు. ఒకరిద్దరు అప్పటికీ ఒప్పుకోరు. వాళ్ల ఈవెంట్ ఒకటి ఉంచేయండి, దాని కోసం గొడవ పడి మిగతా పది పోగొట్టుకోవద్దు.

కొలత గురించి కొంచెం. ఆఫీసులో ఓకేఆర్‌లు రాసి రాసి విసిగిపోయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ మొదలుపెట్టిన పద్ధతిని జాన్ డోర్ 1999లో గూగుల్‌కి తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి మన అప్రైజల్ ఫామ్‌ల దాకా వచ్చింది. చాప్టర్‌కి అంత తతంగం వద్దు. రెండు అంకెలు చాలు. ఒకటి, ఉద్యోగస్తుల్లో ఎంతమంది రెన్యూ చేశారు. రెండు, మొదటిసారి వచ్చినవాళ్లలో ఎంతమంది రెండోసారి వచ్చారు. ఈ రెండోది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీన్ని అటెండెన్స్ ఆశ చూపించి పెంచలేం. హాల్లో 300 మంది ఉన్న ఫోటో కన్నా, మూడు నెలలు వరసగా వచ్చిన తొమ్మిది మంది పేర్లు నాకు ఎక్కువ చెప్తాయి.

అన్నట్టు, జరిగిన ప్రతి మీటింగ్‌నీ వీటూల్స్‌లో రిపోర్ట్ చేయండి. పది మందితో చేసిన రివ్యూ కూడా మీటింగే. రిపోర్ట్ పెట్టకపోతే పైవాళ్ల లెక్కలో అది జరగనట్టే, రేపు ఫండ్స్ అడిగేటప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇక చివరిది, మూడేళ్లు. పదవి ఏడాదో రెండేళ్లో. ప్లాన్ మూడేళ్లది. అంటే ప్లాన్ పూర్తయ్యేసరికి రాసినవాళ్లు అక్కడ ఉండరు. అందుకే మొదటి ఏడాది సగం గడవకముందే వచ్చే చైర్ ఎవరు, సెక్రటరీ ఎవరు అని వెతకడం మొదలుపెట్టాలి. రివ్యూలకి మూడుసార్లు వచ్చి కుర్చీలు సర్దిన కుర్రాడే మీ తర్వాతి సెక్రటరీ. నవంబర్‌లో గ్రూపులో "ఎవరైనా ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు" అని మెసేజ్ పెడితే ఎవరూ రారు. అప్పుడు మొహమాటానికి ఒప్పుకున్నవాళ్లు దొరుకుతారు, వాళ్లు ఎక్సెల్‌లో తేదీలు మారుస్తారు.

ప్లాన్ ఒక పేజీ దాటకూడదు. ఎవరి కోసం, ఏం చేస్తాం, ఏం ఆపేశాం, ఎందుకు ఆపేశాం. ఆ "ఎందుకు" తప్పకుండా రాయండి, లేకపోతే రెండేళ్ల తర్వాత వచ్చినవాళ్లు మంచి ఐడియా అనుకుని మళ్లీ 24 ఈవెంట్లు మొదలుపెడతారు.

ఆ పేజీతో పాటు ఇంకో కాగితం. చాప్టర్ ఈమెయిల్ ఎవరి ఫోన్ నంబర్‌తో ఉంది, వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరు మీద కొన్నారు, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, లింక్డ్‌ఇన్ పేజీకి అడ్మిన్ ఎవరు, యూట్యూబ్ ఛానల్ ఎవరి పర్సనల్ జీమెయిల్ మీద ఉంది. పాత సెక్రటరీ కెనడా వెళ్లిపోయి, ఓటీపీ ఆయన పాత సిమ్‌కి పోతుంటే పేజీ మొత్తం వదులుకోవాల్సి వస్తుంది. కనీసం ఇద్దరి దగ్గర యాక్సెస్ ఉండాలి, పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో కాకుండా పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉండాలి. చెల్లీ, నీ పదవి జనవరి 1న మొదలవుతుంది. ఈ కాగితం డిసెంబర్‌లోనే అడిగి తీసుకో, పాత టీమ్ ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.